డోరా ఊకొట్టే చోటు

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో శుక్రవారం సాయంత్రం జీవరాజు ఇల్లెక్కడని ఎవరూ అడగనక్కర్లేదు. వరండా నిండా చెప్పులు, లోపల హార్మోనియం, దాని చుట్టూ నాలుగు రకాల గొంతులు. పగలంతా వర్క్‌షాపులో గుమాస్తాగా తల వంచుకుని ఉండే మనిషి, ఇంటికొచ్చి చొక్కా మార్చుకోగానే తల ఎగరేసే చర్చి క్వయర్ మాస్టరైపోయేవాడు. కింది స్వరంలో బాస్ పాడే లూకా గారు కూర్చుంటే కుర్చీ కూడా ఆయన శ్రుతిలోనే కిర్రుమంటుందని క్వయర్‌లో అందరూ నవ్వుకునేవాళ్ళు. ఆల్టో పాడే రోసమ్మకి పాట కంటే మేబెల్ పెట్టే అల్లం టీ మీదే భక్తి ఎక్కువ. ఆ మాట ఆవిడే ఒప్పుకునేది.

మేబెల్ జీవరాజు భార్య. చిన్నపిల్లల బళ్ళో టీచరు. ఒకప్పుడు ఆ క్వయర్‌లో సోప్రానో, అంటే అందరికంటే పై గొంతు, ఆమెదే. ఒక్కగానొక్క కూతురు డోరా, నాలుగేళ్ళయినా నిండకుండా మెదడువాపు జ్వరంతో పోయాక, మేబెల్ మళ్ళీ నలుగురిలో నోరు విప్పి పాడలేదు. టీ కప్పులు అందించి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆమె నిలబడే చోట ఇప్పుడు సలోమి నిలబడుతోంది. కొత్తగా పెళ్ళైన పిల్ల. కడిగిన గాజుగ్లాసులాంటి గొంతు. ఆ పిల్లంటే మేబెల్‌కి కడుపుమంటేమీ లేదు. పాట మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఎక్కడ దాచుకోవాలో తనే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది.

ఆ ఏడాది, పోయినవాళ్ళని తలుచుకునే సమాధుల పండుగకి జీవరాజు ఒక కొత్త పాట కడుతున్నాడు. పసితనంలోనే కన్నుమూసిన బిడ్డల కోసమట. దసరా సెలవులు దాటగానే ప్రాక్టీసు ఇంటి నుంచి చర్చికి మార్చేశాడు. "నువ్వు తట్టుకోలేవు మేబెల్. ఆ రోజే విందువుగాని" అన్నాడు. నా మొగుడికి నా మీద ఎంత కనికరమో అనుకుని ఆమె ఆ రాత్రి వంకాయ కూర ఆయనకి ఇష్టమైనట్టు వండిపెట్టింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అనలేదు పెద్దలు.

దీని వెనక ఒక సంగతి ఉంది. అది మేబెల్‌కి ఒక్కదానికే తెలుసు. కనీసం ఆమె అలా అనుకుంది.

డోరా బతికున్నప్పుడు దీపాలు పెట్టేవేళ తల్లీకూతుళ్ళకి ఒక ఆట ఉండేది. వెనక గుమ్మంలో మేబెల్ చేట ముందేసుకుని బియ్యం ఏరుతూ, పెదాలు విప్పకుండా ఒక కూనిరాగం తీసేది. ఏ కీర్తనల పుస్తకంలోనూ లేని రాగం అది. పిల్లని ఒళ్ళో వేసుకుని ఊపుతుంటే ఎప్పుడో దానంతటదే పుట్టింది. రాగం కొంచెం పైకెళ్ళి ఆగుతుంది. అక్కడ డోరా "ఊ... ఊ... ఊ..." అని ఊకొట్టాలి. ఆ తర్వాత మేబెల్ రాగాన్ని మెల్లగా కిందికి దించి ముగిస్తుంది. ముగింపు వినబడగానే పిల్ల ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి ఒళ్ళో పడిపోవాలి. డోరాకి ఓపిక అనేది దేవుడు పెట్టలేదు. తల్లి ఆగేదాకా ఎప్పుడూ ఆగేది కాదు, రాగం పైకి వెళ్తుండగానే అడ్డం పడి ఊకొట్టేసేది. జీవరాజు అప్పుడప్పుడూ విని నవ్వి ఊరుకునేవాడు.

పిల్ల పోయిన కొన్ని నెలలకి ఒకనాటి సాయంత్రం మేబెల్ బియ్యం ఏరుతూ పరధ్యానంగా ఆ రాగం తీసింది. తీసి, చప్పున ఆగిపోయింది. పెరట్లో చీకటి పడుతోంది. వర్క్‌షాపు వైపు నుంచి ఇంజను ఆవిరి వదిలిన చప్పుడు. అదీ పోయింది. చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు...

వంటింటి తలుపు వెనక నుంచి, చాలా దూరం నడిచి వచ్చి అలిసిన గొంతులా... "ఊ... ఊ... ఊ..."

దాంతోపాటే యూడీకొలోన్ వాసన. జ్వరం రోజుల్లో పిల్ల నుదుటి మీద వేసిన తడిగుడ్డ వాసన అది.

మేబెల్ ముగింపు పాడింది. ఎలా పాడిందో ఆమెకే తెలియదు. ఒళ్ళో బరువేమీ పడలేదు. చీర కుచ్చిళ్ళు మాత్రం తడిగుడ్డ పరిచినట్టు చల్లబడ్డాయి.

పరుగున వెళ్ళి మొగుడికి చెప్పింది. ఆయన వచ్చి తలుపు వెనక చూశాడు, మంచం కింద టార్చి వేసి చూశాడు. "అక్కడెవరూ లేరు మేబెల్" అన్నాడు. ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు కూడా. మర్నాడే ఒక మనోవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ మాత్రలు వేసుకుంటే నాలుక మందమయ్యేది. బళ్ళో రెండో ఎక్కం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేది, పిల్లలు అందించేవాళ్ళు. ఇంకెప్పుడూ ఆమె ఆయనతో ఆ మాట ఎత్తలేదు. పిచ్చిదాన్నైతే అయ్యాను, నా బిడ్డ వస్తోంది కదా, అదే చాలనుకుంది. మాత్ర మింగేది. చీకటి పడగానే వెనక గుమ్మంలో కూర్చుని పిలిచేది. జవాబు ఆలస్యంగా వచ్చేది, కానీ వచ్చేది.

ఆ సమయంలో ముందుగదిలో హార్మోనియం ఆగిపోతూ ఉండేది. తనని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఆపుతున్నాడనుకునేది ఆ పిచ్చితల్లి.

సమాధుల పండుగ రానే వచ్చింది. బొల్లారం వెళ్ళే దారిలో ఉన్న సమాధుల తోట ఆ సాయంత్రం తిరునాళ్ళలా ఉంది. ప్రతి సమాధికీ కొత్త సున్నం, బంతిపూల దండలు, వరసగా కొవ్వొత్తులు. మైనం వాసన, అగరొత్తుల పొగ, తడిసిన సున్నం ఘాటు కలిసి గొంతులో కూర్చున్నాయి. పెద్దవాళ్ళు తమ తమ వాళ్ళ దగ్గర చాపలు వేసుకుని మాట్లాడుకుంటున్నారు. గోడవారగా పసిపిల్లల సమాధులు. జానెడు, మూరెడు దిబ్బలు. కొన్నిటికి పేరు లేదు, కొన్నిటికి సున్నం వేసేవాళ్ళు కూడా లేరు. మేబెల్ డోరాకి దండ వేసి, మిగిలిన పూలు ఆ దిక్కులేని దిబ్బల మీద తలా ఒకటి పెట్టింది. ఏటా పెడుతుంది.

పాస్టరు అబ్రహాం గారి ప్రార్థన అయ్యాక క్వయర్ వచ్చి సరిగ్గా ఆ గోడవారనే నిలబడింది. జీవరాజు భార్య వైపు చూడలేదు. చెయ్యి ఎత్తాడు.

మొదటి వరసకే మేబెల్ చేతిలోని అగ్గిపెట్టె జారిపోయింది. అది తన రాగం. వంటింటి గుమ్మంలో పెదాలు విప్పకుండా పాడుకునే రాగం. దానికి ఏవో మాటలు తొడిగారు, కింద లూకా గారి బాస్ పరిచారు, పక్కన టెనర్లు నిలబెట్టారు. అంతమంది గొంతుల్లో అది అంగడిలో పెట్టిన చంటిబిడ్డలా ఉంది. ఆమె ఒళ్ళు మండిపోయింది. అడగనైనా అడగలేదు అనుకుంది.

రాగం పైకి వెళ్ళింది. జీవరాజు పిడికిలి బిగించాడు. క్వయర్ మొత్తం ఒక్కసారిగా ఆగింది.

విరామం.

పిల్ల ఊకొట్టే చోటు. సరే, బతికుండగా విన్నాడు, గుర్తుపెట్టుకున్నాడు అనుకుంది మేబెల్. పిడికిలి తెరుచుకోలేదు. ఇంకా తెరుచుకోలేదు. క్వయర్ ఊపిరి బిగబట్టి నిలబడే ఉంది. అప్పుడు ఆమెకి అర్థమైంది.

బతికున్న డోరా ఎప్పుడూ ఆగలేదు. అడ్డం పడి ఊకొట్టేది. ఇంతసేపు ఆగాకే జవాబు రావడం చచ్చిపోయాక మొదలైంది. ఆ నిడివి తెలియాలంటే వెనక గుమ్మం దగ్గర చెవి ఒగ్గి వినాలి. ఒకరోజు కాదు, రోజూ వినాలి.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేబెల్ ఆ నిశ్శబ్దంలో పట్టుకుంది. ఇతనికి వినబడుతోంది. మొదటినుంచీ వినబడుతోంది. వినబడుతూనే నాకు పిచ్చి అన్నాడు. నా నాలుక మీద మాత్ర పెట్టి, నీళ్ళ గ్లాసు తనే అందించాడు.

అప్పుడు జవాబు వచ్చింది.

"ఊ... ఊ... ఊ..."

గోడవార నుంచి. కింది నుంచి. రోసమ్మ పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుంది. చాపల మీద మాటలు ఆగిపోయాయి. ఎవరి పిల్లో అనుకుని కొందరు అటూ ఇటూ చూశారు. కొవ్వొత్తులు కదలలేదు... గాలి లేదు. యూడీకొలోన్ వాసన సున్నం ఘాటును చీల్చుకుని మేబెల్ దాకా వచ్చింది. మోకాళ్ళ దగ్గర ఆగింది. కుచ్చిళ్ళు చల్లబడ్డాయి.

ముగింపు పాడాలి. ఇప్పుడే పాడాలి. మేబెల్ నోరు తెరిచింది. ఎన్నాళ్ళుగానో నలుగురిలో పాడని గొంతు, మాత్రలతో ఎండిన నాలుక... గాలి తప్ప ఏమీ రాలేదు.

క్వయర్‌లోంచి సలోమి ఒక్కతే ముగింపు అందుకుంది. పాటలో ఆ ముక్క ఆ పిల్లకి రాసిపెట్టారు. ఊపిరి ఎక్కడ దాచుకోవాలో తెలిసిన గొంతు. మెల్లగా, తల్లిలాగే, రాగాన్ని కిందికి దించింది.

మేబెల్ మోకాళ్ళ దగ్గర చలి కదిలింది. తడబడింది... ఇటా, అటా అన్నట్టు. తర్వాత ఆమెని దాటుకుని వెళ్ళిపోయింది. సలోమి పాడుతూ పాడుతూ కుచ్చిళ్ళ వైపు చూసుకుంది.

రెండో చరణం ఆపుతాడనుకుంది మేబెల్. ఆపలేదు. ఆయన ముఖం మీద కన్నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతున్నాడు, చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. మళ్ళీ పిలుపు. మళ్ళీ పిడికిలి. ఈసారి జవాబు ఒక్క గొంతు కాదు. గోడ పొడవునా, ఒక దిబ్బ తర్వాత ఒక దిబ్బ... రాగం తెలియని గొంతులు, మాటలు రాని గొంతులు, ఏడవడం తప్ప ఏమీ నేర్చుకోని గొంతులు. అంతమంది పిలిస్తే తమనే అనుకున్నాయి కాబోలు. ఎవరో కేక వేశారు. అబ్రహాం గారు చెయ్యెత్తి క్వయర్‌ని ఆపేశారు.

ఆ చరణానికి ముగింపు ఎవరూ పాడలేదు.

ఇద్దరూ ఆటోలో ఇంటికి వచ్చారు. తలుపు తీసి లోపలికి రాగానే మేబెల్ దీపం కూడా వెయ్యకుండా అడిగింది.

"ఎప్పటినుంచి వింటున్నారు?"

జీవరాజు గోడకి ఆనుకున్నాడు. "మొదటి రోజు నుంచి" అన్నాడు చివరికి.

"మరి నాకు పిచ్చన్నారే."

"నేనూ ఔనంటే నువ్వు దాని వెనకే వెళ్ళిపోతావని భయపడ్డాను."

"ఆ భయంతోనేనా తలుపు చాటున కూర్చుని పాట రాసుకున్నారు?"

ఆయన హార్మోనియం పక్కన నేలమీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. ఆమె బడికి వెళ్ళిన రోజుల్లో సెలవు పెట్టి, అదే గుమ్మంలో కూర్చుని తనూ పిలిచాడట. ఎన్నిసార్లో పిలిచాడట. ఒక్కసారి కూడా రాలేదట. నలుగురి గొంతులతో పిలిస్తేనైనా వస్తుందనుకున్నాడట. "నేనూ కన్నవాణ్ణే కదా మేబెల్. నాకోసం ఒక్కసారి ఊకొడితే చాలనుకున్నాను" అన్నాడు.

ఆమెకి జాలి కలగాలి. ఇంకో రోజైతే కలిగేదే. "ముగింపు సలోమికి ఎందుకిచ్చారు?" అని అడిగింది.

"నువ్వు పాడడం మానేశావుగా" అన్నాడు.

ఆ మాటతో మేబెల్‌కి ఆ మనిషితో పని అయిపోయింది. వంటింట్లోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. మాత్రలన్నీ తూములో పోసింది.

మర్నాడు దీపాలవేళ పిలిచింది. జవాబు లేదు. ఆ మర్నాడూ లేదు. ఆపైన రోజులు గడుస్తున్నాయి. గొంతు పగిలేదాకా పిలిచేది, చీకటి కళ్ళలో గుచ్చుకునేదాకా కూర్చునేది. తన రాగమే, తన గుమ్మమే, తన బిడ్డ మాత్రం లేదు. డోరా ఇంకోసారి పోయింది, ఈసారి చంపింది జ్వరం కాదని ఆమెకి తెలుసు. జీవరాజు డ్యూటీకి పోయి వచ్చేవాడు, పెట్టింది తినేవాడు. ఇద్దరి మధ్యా మాటల్లేవు. క్వయర్ ఆగిపోయింది.

ఒకనాడు పొద్దున్నే పక్కింటి అనసూయమ్మ పిట్టగోడ మీద నుంచి పలకరించింది. తరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్న కుటుంబం, నోటికి వచ్చింది దాచుకునే మనిషి కాదు.

"టీచరమ్మా, మీ ఇంటికి సుట్టాలొచ్చిన్రా ఏంది?"

లేదంది మేబెల్.

"మరి గంతమంది పోరగాండ్లు ఎక్కడోళ్ళు? నువ్వు బడికి పోంగనే షురూ చేస్తున్నరు. ఒకటే ఊ, ఊ అని. మా ఆయన నైట్ డ్యూటీ జేసొచ్చి పండుకుంటడు, నిద్ర లేక పరేషాన్ అయితున్నడు. జెర సప్పుడు చెయ్యకుండ్రని చెప్పు."

మేబెల్ పిట్టగోడ వదిలి వచ్చేసింది. లోపలికి వచ్చి నిలబడి చూసింది. వంటింటి నేల మీద, గోడవారగా, తెల్లటి సున్నపు పొడి రాలి ఉంది. ఆ ఇంటి గోడలకి పసుపు రంగు వేసి రెండేళ్ళు.

అదే సాయంత్రం పెరటి దారిన సలోమి వచ్చింది. మేబెల్ వెనక గుమ్మంలోనే కూర్చుని ఉంది, చేటలో బియ్యం అలాగే ఉన్నాయి. ముందుగదిలో హార్మోనియం మోగుతోంది. ఇన్నాళ్ళకి మళ్ళీ మొదలుపెట్టాడా అని ఆమెకి వెగటు పుట్టింది. సలోమి పక్కన వచ్చి కూర్చుంది. బుగ్గలు పీక్కుపోయాయి, కళ్ళు మాత్రం వెలుగుతున్నాయి.

"అక్కా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు" అని గుసగుసగా అంది. "దీపాలు పెట్టేవేళకి మా ఇంట్లో యూడీకొలోన్ వాసన వస్తోంది. మేం ఎప్పుడూ కొననే లేదు."

మేబెల్ చేతివేళ్ళు బియ్యంలో ఆగిపోయాయి.

"ఆ రాగం తీశావా?" అని అడిగింది.

"తియ్యకుండా ఉండలేకపోతున్నానక్కా."

"తియ్యి."

సలోమి భయంగా చూసింది. చూసి, పెదాలు విప్పకుండా మొదలుపెట్టింది. రాగం పైకి వెళ్ళసాగింది. ఇంకా ఆగనే లేదు...

"ఊ ఊ ఊ..."

అడ్డం పడి. ఓపిక లేకుండా. సలోమికి చాలా దగ్గరి నుంచి, ఆమె పమిట మాటు నుంచి. దూరం నుంచి నడిచి రావలసిన అవసరం ఇప్పుడా పిల్లకి లేదు.

సలోమి చెయ్యి తెలియకుండానే పొట్ట మీదికి వెళ్ళింది. "ఇంకా ఎవరికీ చెప్పే నెల కూడా రాలేదక్కా" అంది. ఆ గొంతులో భయం ఎంతో, సంతోషం ఎంతో మేబెల్ తేల్చుకోలేకపోయింది. తన పేగు తెంచుకుని పుట్టిన పిల్ల, తన రాగం, తను నేర్పిన ఊపిరి. అన్నీ ఎదురుగా వేరే ఒళ్ళో కూర్చుని ఉన్నాయి.

"ముగింపు పాడనా?" అంది సలోమి. "పాడకపోతే అది నిద్రపోవడం లేదు."

మేబెల్ తల అడ్డంగా ఊపబోయింది. అంతలో ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది... ముందుగదిలో హార్మోనియం ఆగిపోయింది.

మళ్ళీ వింటున్నాడు. మళ్ళీ రాసుకుంటాడు. మేబెల్ చేట విసిరికొట్టి లేచింది. ఇవాళ ఆ పెట్టె పగలగొట్టాల్సిందే అనుకుంటూ నడవలోకి వచ్చింది. వచ్చి, కిటికీ దగ్గర ఆగింది.

వీధి గేటు తీసుకుని జీవరాజు అప్పుడే లోపలికి వస్తున్నాడు. చేతిలో టిఫిను డబ్బా. డ్యూటీ నుంచి వస్తున్న మనిషి, వరండా మెట్టు ఇంకా ఎక్కలేదు.

ముందుగది చీకటిగా ఉంది. యూడీకొలోన్ వాసన లేదు. తడిసిన సున్నం, వాడిపోయిన బంతిపూలు... ఆ గోడవార దిబ్బల ఘాటు ముక్కుకి కొట్టింది.

హార్మోనియం తిత్తి మెల్లగా ఊపిరి పీల్చుకుంది. ఎవరో ఒక్కో మీటా వెతుక్కుంటూ, చిన్న వేలితో, మేబెల్ పిలుపు వాయించారు. పైకి వెళ్ళేదాకా వాయించారు.

అక్కడ ఆపి, ఎదురుచూస్తున్నారు.